ఎద్దు పొట్ట దాకా నీళ్లు

మొన్న మా మనవడు పంచాయతీ ఆఫీసులో మీటింగు చూసుకుని వచ్చి నా మంచం పక్కన చతికిలబడ్డాడు. చేతిలో ఏదో కాగితం ఉంది. ఈ ఊరి చెరువులో నీళ్లు కొత్తగా కడుతున్న ఫ్యాక్టరీకి కూడా ఇవ్వాలట. ఎంత ఇవ్వాలో తెలియడానికి తూము గోడ మీద నీలం రంగుతో గీత గీస్తారట. నీళ్లు ఆ గీతకు దిగగానే ఫ్యాక్టరీ పైపు కట్టేస్తారు, మిగిలిందంతా రైతులదే. "గీత ఉన్నంక ఇగ పేచీ ఏముంటది నాయనమ్మా?" అన్నాడు. మిరప పెట్టి, బోరు ఎండిపోయి, అప్పటికీ ధైర్యంగానే ఉన్నాడు. నేను కాగితాన్ని తిరగేసి బోర్లేసి చూశాను. హిందీ నాకు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. కొలతల గురించి వాడికి ఒక మాట చెబుదామని నోరు తెరిచి, మళ్లీ ఊరుకున్నాను. ఊరుకోవడంలో నాకు చిన్నప్పటి నుంచే అనుభవం ఉంది.

అప్పుడు నేను పుట్టి పెరిగిన ఊరు బస్తరు రాజ్యంలో ఉండేది. రాజుగారు జగదల్‌పూర్‌లో, తహసీలు కోంటలో, మేము ఎర్రబోరుకు ఒక పూట నడక దూరంలో. ఊరంతా దోర్లవాళ్లు, కోయల్లో ఒక తెగ. శబరి నది దాటి వచ్చి స్థిరపడ్డ తెలుగు రైతుల ఇళ్లు నాలుగో అయిదో ఉండేవి, మాది అందులో ఒకటి. దోర్లవాళ్లు ఇంట్లో దోర్లీ మాట్లాడేవాళ్లు, మాతో తెలుగు మాట్లాడేవాళ్లు. సంతలో హల్బీ, సర్కారు జవానుతో హిందీ. పిల్లలమైతే ఒకే తిట్టు నాలుగు భాషల్లోనూ తిట్టగలిగేవాళ్లం.

మా నాయన ఏ మాటకైనా ముందు "మనం పరాయోళ్లం" అనేవాడు. అమ్మ పక్కింటివాళ్లతో గొంతు పెంచితే అదే మాట, మా మేక ఎవరి కంచెలోకో దూరితే అదే మాట. పండుగ కాకుండా మామిడికాయ కొరికానని ఒకసారి నా వీపు చిట్లగొట్టాడు. అక్కడ ఏ కొత్త పంటనైనా పండుగ చేసి తల్లికి పెట్టాకే నోట పెట్టాలి. తల్లి అంటే ఊరి తల్లి, భూమి తల్లి, చెరువు తల్లి, అన్నీ ఒకటే. కట్టు తప్పిన ఇల్లు పందిని కోసి ఊరంతటికీ భోజనం పెట్టాలి. పరాయివాళ్లు కట్టు తప్పితే పందితో పోదని, మూట సర్దుకోమంటారని మా నాయన భయం. నిజంగా ఎవరినైనా అలా పంపారో లేదో నాకు తెలియదు. భయానికి అంత విచారణ అక్కర్లేదు కదా.

నాకు ఆ ఊళ్లో ఒక నేస్తం ఉండేది. ఊరికే స్నేహితురాలు కాదు, ఊరి ఎదుట కట్టుకున్న నేస్తం. ఒకరి చెవిలో ఒకరు వరికంకి పెట్టుకుని, ఒకే డొప్పలో జావ తాగితే నేస్తం కట్టినట్టు. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. నేస్తమా అంటే నేస్తమా అనాలి. నేస్తం ఒక మాట అడిగితే కాదనకూడదు. ఏటా కొత్తబియ్యం పండుగనాడు ఈ ఇంటి దోసెడు బియ్యం ఆ ఇంటికి, ఆ ఇంటి దోసెడు ఈ ఇంటికి మారాలి. ఒకవైపు నుంచే ఇస్తే చెల్లదు. ఆమె పేరు ఇక్కడ రాయకపోవడానికి వేరే కారణమేమీ లేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా నోరు తిరగదు, చెయ్యి తిరగదు.

వాళ్ల గుడిసెలో ఎప్పుడూ ఎండిన ఇప్పపువ్వు వాసన, పొగ వాసన కలిసి ఉండేవి. చూరుకు సొరబుర్రలు వేలాడేవి, వాటిలో చల్లటి చోడి జావ. ఎర్రచీమల పచ్చడి నాకు మొదట పెట్టింది ఆమే. ఒక్క చుక్కకే కళ్లవెంట నీళ్లు కారాయి, ముక్కు కారింది, అయినా రెండోసారి చెయ్యి చాపాను. ఆమె పడీపడీ నవ్వింది. మా అమ్మ చేసే చింతపండు చేపల పులుసు కోసం ఆమె మా ఇంటికొచ్చి, పొయ్యి పక్కన కూర్చుని, ఉడికిందా అని పదిసార్లు అడిగేది. ఆమె తండ్రి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. భుజాన గొడ్డలి లేకుండా నేనెప్పుడూ చూడలేదు. నన్ను చూస్తే చాలు, మా నేస్తమ్మ వచ్చిందని ఇంట్లోకి కేకేసేవాడు.

ఊరి పొలాలన్నిటికీ ఒకటే చెరువు. వాగుకు అడ్డంగా ఎవరి తాతలో మట్టికట్ట వేశారు. తూము దాటగానే నీళ్లకు రెండు దారులు: పక్కకు మళ్లిస్తే పొలాల కాలువ, నేరుగా వదిలితే పాత వాగు. ఆ వాగు పోయి శబరిలో కలుస్తుంది. తూము పక్కనే మా మడి. ఊబి నేల అని ఎవరూ ముట్టుకోకపోతే మా నాయన తీసుకుని బాగుచేశాడు. కాలువ చిట్టచివర నేస్తం వాళ్ల మడి. నీటి వంతు పైనుంచి కిందికి వస్తుంది. మేము తడుపుకున్నాక పదమూడు ఇళ్ల మడులు దాటితేగాని వాళ్లకు నీళ్లు అందవు.

ఆ చెరువులో నీళ్లెన్ని ఉన్నాయో చూడటానికి ఒక పద్ధతి ఉండేది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. తల్లి పేర వదిలిన ఒక ఎద్దు ఉండేది, బూడిద రంగుది, పొట్టిది, ఎవరి పొలంలో మేసినా ఎవరూ అదిలించరు. వర్షాలు వెనక్కి తగ్గాక, ఊరి పూజారి దాన్ని తూము దగ్గర నీళ్లలోకి నడిపించేవాడు. పూజారిని అక్కడ పెర్మ అంటారు. నీళ్లలో మునిగి ఒక చదును బండ ఉంది, దాని పక్కన ఎద్దును నిలబెట్టాలి. నీళ్లు దాని పొట్టకు తగిలితే ఆఖరి మడి దాకా ఒక తడికి సరిపోతాయి. మోకాళ్లకు దిగితే తూము మూసేయాలి, ఆ మిగిలింది గొడ్లకు, చేపలకు, తల్లికి. ఈ లెక్క ఏనాడూ తప్పలేదని అందరూ చెప్పేవాళ్లు. ఒక ఎద్దు చచ్చిపోతే అదే ఎత్తు కోడెను వెతికి వదిలేవాళ్లట.

ఆ బండ చుట్టుపక్కల మట్టి తీయకూడదు. అది తల్లి జాగా. కాని మట్టంటే అదీ మట్టి. నల్లగా, నీలం నిగారింపుతో, వేళ్ల మధ్య వెన్నలా జారేది. ఎండాకాలం నీళ్లు తగ్గి, ఆ బండ దగ్గర మా మోకాళ్ల దాకా ఉన్నప్పుడు, స్నానం వంకతో నేనూ నేస్తమూ దిగి కాళ్లతో మట్టిని తవ్వేవాళ్లం. మొదట బొమ్మలకు. ఎద్దులు, బండి, ఒక తహసీల్దారు, ఆయనకు పెద్ద పొట్ట. ఒకరోజు మిగిలిన ముద్దను ఇంటికి తెస్తే అమ్మ చూసి మురిసిపోయింది. దానితో పొయ్యి వేస్తే ఒక్క పగులు కూడా రాలేదు. ఎక్కడిదని అడిగితే వాగు ఒడ్డుదన్నాను. ఇంకొంచెం తెమ్మంది. ఇరుగమ్మ చూసి తనకూ కావాలంది. అమ్మ నన్ను అంతగా మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మెప్పు కోసం ఇద్దరం ఆ ఎండాకాలమంతా పగిలిన కుండపెంకులతో తవ్వుతూనే ఉన్నాం. బండ పక్కన మంచమంత మేర జానెడు లోతు గొయ్యి పడింది. వానలకు పూడిపోతుందిలే అని నేస్తం అంది. పూడిపోతుందిలే అని నేనూ అన్నాను.

అంతకుముందు రెండేళ్ల నుంచే ఊరు మారుతూ వచ్చింది. ఎక్కడో యుద్ధమట, కర్రకు గిరాకీ వచ్చిందట. రాజమండ్రి వైపు నుంచి ఒక కంట్రాక్టరు అడవిలో చెట్లు కొట్టే కూపు వేలంలో పాడుకున్నాడు. టేకు చెట్లు కొట్టించి, దుంగలను వెదురు కట్టలకు బిగించి, వాగులో శబరికి, శబరిలో గోదావరికి వదిలేవాడు. మా ఊరికి కూతవేటు దూరంలో క్యాంపు లేచింది. వందమంది కూలీలు, ఎడ్లబళ్లు, కమ్మరి కొలిమి, టీ కాచే డేరా. టీ వాసన నాకు మొదట తెలిసింది అక్కడే. మా కోడిగుడ్లు, సొరకాయలు, వడ్లు, పాలు, ఏవి పట్టుకెళ్లినా కాదనేవాళ్లు కాదు. సంత దాకా మోసే బాధ తప్పింది. మగవాళ్ల ఒంటి మీదికి మిల్లు బట్టలొచ్చాయి. మా నాయన బియ్యం దంపించి క్యాంపుకు పంపడం మొదలుపెట్టాడు. ఊళ్లోకి లక్ష్మి వచ్చిందని అమ్మ అనేది. అబద్ధమని అనలేను, ఆ రెండేళ్లు ఎవరూ పస్తు పడుకోలేదు.

ఆ ఏడు వానలు ముందే వెళ్లిపోయాయి. చిత్తకార్తెలో చినుకు లేదు. వరి కంకులు వేసి పాలు పట్టే వేళకు మడులు నెర్రెలిచ్చాయి. మరోవైపు, కంట్రాక్టరు దుంగలన్నీ వాగులో ఇసుకలో కూరుకుపోయి ఎక్కడివక్కడ ఆగిపోయాయి. శబరిలో నీళ్లు తగ్గేలోపు అవి కదలకపోతే మళ్లీ వచ్చే వానల దాకా అక్కడే పడి ఉంటాయి. చెరువు నీళ్లు ఒక్కపెట్టున వాగులోకి వదిలితే అవి కదులుతాయి. మాకు ఆ నీళ్లే మెల్లగా, మడి మడికీ కావాలి.

దసరాకు జగదల్‌పూర్ వెళ్లినవాళ్లు తిరిగొచ్చిన వారంలోనే కంట్రాక్టరు గుమాస్తా వచ్చాడు. వెంట జంగల్ దరోగా, అడవి మీద సర్కారు అధికారి, ఉన్నాడు. అతను ఊరికే కట్ట మీద నిలబడి మీసం దువ్వుకున్నాడు, అంతే. అతను ఎందుకొచ్చాడో అందరికీ అర్థమైంది. కాదంటే వంటచెరుకు తెచ్చుకోవడం కూడా కష్టమవుతుంది. గుమాస్తా మాత్రం మంచివాడు. తెల్లటి పంచె, చేతిలో తోలు సంచి, మాటల్లో ఎక్కడా పెడసరం లేదు. ఇంటికో కుంచెడు ఉప్పు ఇస్తానన్నాడు. బస్తరులో ఉప్పంటే ఏమిటో ఇప్పటివాళ్లకు తెలియదు. ఆడవాళ్లు సంతలో ఒక చిన్న ఉప్పుగడ్డ కోసం బుట్టెడు చింతపండు పోసేవాళ్లు.

పెద్దలు పొద్దెక్కేదాకా బేరమాడి, ఎద్దు పొట్ట దాకా నీళ్లు ఉంచాలని పట్టుబట్టారు. ఆపైన ఉన్నదంతా దుంగలకు. గుమాస్తా వెంటనే ఒప్పుకున్నాడు. అయితే ఎద్దు ఎందుకు, గీత గీద్దామన్నాడు. నిరుడు పొట్ట నీళ్లప్పుడు చెరువు ఎక్కడికి దిగిందో చూపించమన్నాడు. నేస్తం తండ్రి కట్ట లోపలివైపు పేర్చిన రాళ్లలో ఒక ఎర్రరాయిని చూపించాడు. నీళ్లు దాని నెత్తికి తగిలేవట. గుమాస్తా కూలీని పిలిచి తారు డబ్బా తెమ్మన్నాడు.

"ఈ రాయి మీద గీత గీసేత్తానండి. దీనికి దిగ్గానే తూము కట్టేద్దాం. మీకూ మాకూ ఏ గొడవా ఉండదండి," అన్నాడు.

పెర్మ ముసలివాడు, చూపు సరిగా ఆనదు. తారు డబ్బా తెచ్చిన కూలీని చేత్తోనే ఆపాడు.

"గీత నువ్వు గీస్తవు. రేపు చెరిపినా నువ్వే చెరుపుతవు. ఎద్దు నీది గాదు, నాది గాదు. దానికి ఉప్పు వద్దు, కర్ర వద్దు. అది ఎట్ల చెబితే అట్లనే."

ఊరంతా అవునంది. మా నాయన కూడా అవునన్నాడు. గుమాస్తా నవ్వి, మీ ఇష్టమని తారు డబ్బా వెనక్కి పంపించాడు. ఆ సాయంత్రం ఇంటింటికీ ఉప్పు వచ్చింది. బేరంలో గెలిచామని మగవాళ్లు జీలుగు కల్లు తాగి చిందులేశారు. మేము ఉప్పుగల్లు నాలుక మీద పెట్టుకుని ఎవరిది ఆలస్యంగా కరుగుతుందో పందెం వేసుకున్నాం. గొయ్యి సంగతి ఒట్టు, నాకు గుర్తుకైనా రాలేదు.

తూము ఎత్తారు. నీళ్లు రంకె వేస్తూ వాగులో పడ్డాయి. పిల్లలమంతా ఒడ్డు వెంట పరుగెత్తాం. దుంగలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ లేవడం, కూలీలు పొడుగు కర్రలతో వాటిని తోయడం, నాకు తిరునాళ్లలా ఉండేది. మూడో రోజు పొద్దున పెర్మ ఎద్దును తోలుకొచ్చాడు. కొమ్ములకు పసుపు రాశారు. ఊరంతా కట్ట మీద చేరింది. మా నాయన, నేస్తం తండ్రి పక్కపక్కనే నిలబడ్డారు. మేమిద్దరం వాళ్ల కాళ్ల దగ్గర కూర్చున్నాం.

ఎద్దు నీళ్లలో నడిచింది. బండ దగ్గరకు వచ్చేసరికి దాని ముందుకాళ్లు గభాలున కిందికి దిగాయి. మెడ ఊగింది. వెనక్కి లాక్కోబోతే పెర్మ మెల్లగా అదిలించి నిలబెట్టాడు. వెనకకాళ్లు కూడా దిగాయి. నీళ్లు దాని పక్కటెముకల మీద ఆడుతున్నాయి. పొట్ట ఎక్కడో కిందుంది. ఇంకా కానీ అని పెర్మ చెయ్యి ఊపాడు. గుమాస్తా తలూపాడు.

అది ఎక్కడ నిలబడిందో నాకు తెలుసు. ఆ గొయ్యి నా కాళ్లతో, నా చేతులతో తవ్వింది. నేస్తం నా మణికట్టు పట్టుకుంది. ఆమెకు నాకన్నా ముందే అర్థమైంది. కట్ట లోపల ఎర్రరాయి అప్పటికే నెత్తి పైకి తేలి తడితడిగా మెరుస్తోంది. నేస్తం తండ్రి దాన్ని చూశాడు. ఈసారి నీళ్లు బాగా గుంజినట్టున్నయి, రాయి తేలింది గదా అని మెల్లగా అన్నాడు. రాయి దిక్కు చూస్తవా, తల్లి దిక్కు చూస్తవా అని పెర్మ అడిగాడు. ఆయన తల దించుకున్నాడు. మా నాయన చుట్ట వెలిగించుకుంటున్నాడు.

నేస్తం నా చెవి దగ్గరకు వచ్చింది. "చెబుదామా?" అంది.

చెబితే ఆమె ఇంటికి ఒక పంది ఖర్చు. మా ఇంటికి మూట. నాకు అదొక్కటే కనిపించింది. మా నాయన చెయ్యి, నా వీపు కనిపించాయి. అమ్మ మురిసిపోయిన పొయ్యి కనిపించింది. కాలువ చివర ఉన్న మడి కనిపించలేదు. అది చాలా దూరంలో ఉంది.

"చెప్పొద్దు నేస్తమా," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆ మడి వాళ్లది. ఆ వరి వాళ్ల ఏడాది తిండి. ఆమె నోరు తెరిస్తే నన్నెవరూ అడిగేవాళ్లు కాదు, తానే తవ్వానని చెప్పగలదు. కాని నేస్తం మాట కాదనకూడదు. మణికట్టు వదిలేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, కదలకుండా కూర్చుంది. ఆ రోజంతా, ఆ మర్నాడు పొద్దు పొడిచే దాకా నీళ్లు పోతూనే ఉన్నాయి. మళ్లీ ఎద్దును దించినప్పుడు నీళ్లు పొట్టకు తగిలీ తగలనట్టున్నాయి. తూము మూశారు. గుమాస్తా అందరికీ దండం పెట్టి, మాట నిలబెట్టుకున్నామండి అని వెళ్లిపోయాడు. అతను నిజంగానే నిలబెట్టుకున్నాడు.

పొలాల కాలువ తెరిచారు. మొదటి వంతు మాది. మా మడి గట్టు దాకా నిండింది. ఎనిమిదో ఇంటి దగ్గరికి వచ్చేసరికి కాలువలో నీళ్లు పాకుతున్నాయి. పదో ఇంటి దగ్గర ఆగిపోయాయి. చెరువులో ఎద్దు మోకాళ్లకు వచ్చిందని తూము మూసేశారు. పొట్ట నీళ్లు ఆఖరి దాకా రాకపోవడం ఊళ్లో ఎవరూ ఎరగరు. తల్లికి కోపమొచ్చిందన్నారు. ఉప్పుకు ఆశపడ్డామన్నారు. ఎద్దుకు దోషముందన్నారు. పెర్మ మూడురోజులు అన్నం ముట్టలేదు. మట్టి మాట ఎవరి నోటా రాలేదు.

కింద మిగిలిన అయిదిళ్లవాళ్లు చేతనైనంత పాటుపడ్డారు. నేస్తం తండ్రి వాగులో మిగిలిన గుంటల నుంచి కావడితో నీళ్లు మోశాడు. పొద్దున మొదలుపెట్టి చీకటి పడేదాకా, భార్య ఒక కడవ, పెద్దకూతురు ఒక కడవ, నేస్తం ఒక చిన్న కుండ. నేనూ వెళ్లి మోశాను. అమ్మ మెచ్చుకుంది, నేస్తమంటే అలా ఉండాలని. నేను ఇంకో కుండ ముంచడానికి వాగుకు పరుగెత్తాను. నెర్రెల్లో పోసిన నీళ్లు పోసినట్టే మాయమయ్యేవి. ఒకసారి నేస్తం తండ్రి నా కుండ తీసుకుని పక్కన పెట్టి, నీ చేతులు చూడు ఎట్ల కమిలినయో, ఇంటికి పో తల్లీ అన్నాడు. నేను పరుగెత్తి మా మడి గట్టు మీద కూర్చుని ఏడ్చాను. మా వరి అప్పటికే పచ్చగా బరువెక్కి వంగుతోంది. వాళ్ల కంకులు తలెత్తుకుని నిలబడ్డాయి. తలెత్తుకున్న కంకిలో గింజ ఉండదు. నలిపి చూస్తే అంతా తాలే.

కొత్తబియ్యం పండుగ వచ్చింది. ఊరు పండుగ ఆపలేదు, ఆపకూడదు. పొద్దున్నే నేస్తం మా వాకిట్లోకి వచ్చింది. తలకు నూనె రాసుకుంది, చెవిలో పువ్వు పెట్టుకుంది, చేతులు మాత్రం ఖాళీ. అమ్మ లోపలి నుంచి చేటలో కొత్తబియ్యం తెచ్చి ఆమె కొంగు పట్టమంది. ఒక దోసెడు కాదు, చేటెడూ పోయబోయింది. నేస్తం కొంగు వెనక్కి లాక్కుంది.

"మావి లేవు గదా అమ్మా. మీవి ఎట్ల తీసుకుంట?"

పండుగ మాట పక్కన పెట్టు, తినడానికి తీసుకో పిల్లా అని అమ్మ బతిమాలింది. ఆమె తల అడ్డంగా ఊపింది. అమ్మ మీద కోపం లేదు, నా మీదా లేదు. అది నాకు ఎక్కువ బాధ. కాసేపు మా పొయ్యి వైపు చూసింది. తర్వాత క్యాంపులో పని దొరికిందని, వాళ్ల నాయన దుంగల వెంట పోతాడని, తామంతా కూడా వెళ్తున్నామని చెప్పింది. ఎన్నాళ్లకు వస్తారని అడిగాను. దుంగలు ఎందాక పోతే అందాక అంది. మూడోనాడు క్యాంపు కదిలింది. నేను వాగు దాకా వెళ్లాను. జనంలో ఆమె తండ్రి గొడ్డలి కనిపించింది, ఆమె కనిపించలేదు. వాళ్లు శబరి దాకా పోయారని కొందరు, రాజమండ్రి దాకా పోయారని కొందరు అన్నారు. నేను మళ్లీ ఆమెను చూడలేదు.

మరుసటి ఎండాకాలం నేనొక్కదాన్నే ఆ బండ దగ్గరకు దిగి, వాగు నుంచి ఇసుక, రాళ్లు మోసుకొచ్చి గొయ్యి పూడ్చాను. ఎన్ని తట్టలో గుర్తు లేదు. పూడ్చాక దాని మీద నిలబడి చూసుకున్నాను, సమంగానే ఉంది. ఆ తర్వాత ఎద్దు లెక్క మళ్లీ ఎప్పటిలాగే సరిపోయింది. తల్లి శాంతించిందని ఊరు కోళ్లు కోసింది.

ఎన్నో ఏళ్లు గడిచాయి. రాజ్యం పోయింది, నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు. మా నాయన చివరి రోజుల్లో మంచాన పడితే చూసుకోవడానికి వెళ్లాను. ఒక మధ్యాహ్నం జావ తాగిస్తుంటే ఉన్నట్టుండి నాకు ఆగలేదు. మొత్తం చెప్పేశాను. బండ, మట్టి, గొయ్యి, నేస్తం అడిగింది, నేను వద్దన్నది. చిన్నపిల్లలా వెక్కిళ్లు పెడుతూ చెప్పాను. కొడతాడేమో అన్నట్టు భుజాలు కూడా ముడుచుకున్నాను, నాకప్పుడు నలభై దాటాయి.

ఆయన ఆశ్చర్యపోలేదు. జావ గిన్నె పక్కన పెట్టమని సైగ చేశాడు.

"పొయ్యి మట్టి చూసినప్పుడే ఎరుక బిడ్డా. వాగు ఒడ్డున అసుంటి మట్టి యాడుంది? ఎద్దు కాలు దిగుడు కూడా చూసిన."

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. ఊళ్లోంచి వెళ్లగొట్టేస్తారని భయపడ్డావా అని నేనే అందించాను. అవునంటాడని ఆశపడ్డాను. ఆయన తల అటూ ఇటూ తిప్పాడు.

"నువ్వు చిన్నదానివి, భయపడి ఊకున్నవ్. నేను ఆలోచించి ఊకున్న. మన మడికి ఎట్లనన్నా నీళ్లు వస్తయి. కిందోళ్లకు రాకుంటే క్యాంపుకు మన బియ్యమే గావాలె."

నేను ఆయన మూతి తుడిచి, మిగిలిన జావ తాగించాను. తర్వాత పదిరోజులకు పోయాడు. అన్నేళ్లూ ఒకే ఇంట్లో, ఒకే కంచం పక్కన, ఇద్దరం ఒకే సంగతి దాచుకుని తిరిగామన్నమాట. నేను ఆయనకు భయపడి దాచాను. ఆయన ఎవరికి భయపడ్డాడో నాకు తెలియదు. బహుశా ఎవరికీ కాదు.

నేస్తం వాళ్ల మడి రెండేళ్లు బీడుగా పడి ఉంది. తిరిగొస్తారని ఊరు ఎదురుచూసింది. మూడో ఏడు దున్నేవాళ్లెవరని పెర్మ అడిగితే మా నాయన ముందుకొచ్చాడు. నేస్తం కట్టిన ఇల్లు కాబట్టి న్యాయమేనని అందరూ అన్నారు. ఆ మడి మంచి నేల, నీళ్లందితే విరగపండేది. నా పెళ్లి భోజనాలకు వండిన బియ్యం ఆ మడివే. వడ్డించేటప్పుడు అమ్మ ఆ మాట గొప్పగా అందరికీ చెప్పింది. నేను తెలిసే తిన్నాను.